ఇంటి నక్షాలో మనం చదవని పట్టిక

సొంత ఇల్లు కట్టుకోవడం మధ్యతరగతి కుటుంబానికి జీవితంలో ఒక్కసారి దక్కే అవకాశం. ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము, అమ్మిన నగలు, గల్ఫ్ దేశాల ఎండల్లో చెమటోడ్చి సంపాదించి పంపిన రియాళ్లు, దిర్హమ్‌లు అన్నీ ఆ నాలుగు గోడల్లోనే కలిసిపోతాయి. అంతటి ఇంటి నక్షా చేతికి వచ్చినప్పుడు మనం చూసేది ఏమిటి? పడకగదులు ఎన్ని, వంటగది ఎటువైపు, మెట్లు ఎక్కడ అన్నవే. ప్లాను చూసి ముచ్చటపడతాం. మిగిలిన కాగితాలు మడిచి బీరువాలో భద్రపరుస్తాం.

ఆ మడిచిపెట్టిన కాగితాల్లోనే ఒక పట్టిక ఉంటుంది. ఇంజనీర్లు దానిని 'ఫినిష్ షెడ్యూల్' అంటారు. కొందరు 'షెడ్యూల్ ఆఫ్ ఫినిషెస్' అని రాస్తారు. ప్రతి గదిలో నేలకు ఏమి పరుస్తారు, గోడ అడుగున ఏ పట్టీ వేస్తారు, గోడకు ఏమి పూస్తారు, పైకప్పును ఎలా ముగిస్తారు అన్న వివరాలన్నీ అందులో ఉంటాయి. ఇంట్లో కాపురం ఉండేవారు రోజూ కాలితో తొక్కేది, చేత్తో తాకేది, కంటితో చూసేది ఈ పట్టికలో ఉన్నదానినే.

కట్టేవారికీ కట్టించుకునేవారికీ మధ్య తగాదాలు పునాదుల దగ్గర అంతగా రావు. అవి పుట్టేది చివరి నెలల్లో. "మేము చెప్పిన టైల్ ఇది కాదు" అని ఇంటివారు అంటారు. "మీరిచ్చిన రేటుకు ఇదే వస్తుంది" అని కాంట్రాక్టరు అంటాడు. కాంట్రాక్టరు తరచుగా బంధువో, అదే మొహల్లా మనిషో అయి ఉంటాడు. డబ్బుతోపాటు బంధుత్వం కూడా దెబ్బతింటుంది. ఈ రెండు నష్టాలనూ చాలావరకు నివారించగలది సంతకాలకు ముందు శ్రద్ధగా చదివిన ఒక్క పట్టిక. దానిని చదవడానికి ఇంజనీరింగు చదువు అక్కరలేదు. గృహిణులు సైతం ఒక పూట కూర్చుంటే నేర్చుకోగల విద్య అది.

పట్టిక నిర్మాణం

ఈ పట్టికలో అడ్డవరుసకు ఒక గది చొప్పున ఉంటుంది. నిలువు గడులు సాధారణంగా ఇలా సాగుతాయి: గది సంఖ్య, గది పేరు, నేల, స్కర్టింగ్, గోడలు, పైకప్పు, పైకప్పు ఎత్తు, చివరగా 'రిమార్క్స్'. కొన్ని పట్టికల్లో డాడోకు, కిటికీ అడుగు పలకకు, గడపకు వేర్వేరు గడులు ఉంటాయి. గల్ఫ్ దేశాల్లోనూ, అమెరికాలోనూ గీసే నక్షాల్లో గోడల గడిని ఉత్తరం, తూర్పు, దక్షిణం, పడమర అని నాలుగుగా విభజించడం కూడా కనిపిస్తుంది. ఒకే గదిలో ఒక గోడకు రాతి తాపడం, మిగిలిన మూడింటికి రంగు అయినప్పుడు ఈ విభజన అవసరమవుతుంది.

గడుల్లో పూర్తి వాక్యాలు ఉండవు, సంకేతాలు ఉంటాయి. నేలకు 'ఎఫ్-1', 'ఎఫ్-2', గోడకు 'డబ్ల్యు-1', పైకప్పుకు 'సి-1' వంటివి. ఆ సంకేతాల అర్థం పట్టిక కిందనో పక్కనో మరొక చిన్న జాబితాలో ఉంటుంది. దానిని 'లెజెండ్' అంటారు. ఎఫ్-1 అంటే 600 మిల్లీమీటర్ల చదరపు విట్రిఫైడ్ టైల్, ఎఫ్-2 అంటే గరుకు ఉపరితలం గల సిరామిక్ టైల్, సి-1 అంటే సిమెంటు పూత మీద రంగు అని అక్కడ రాస్తారు. సంకేతాలన్నీ ఒకేలా ఉండాలన్న నియమమేమీ లేదు. ప్రతి ఆర్కిటెక్టుకూ తనదైన పద్ధతి ఉంటుంది. కాబట్టి లెజెండ్ లేని పట్టిక తాళంచెవి లేని పెట్టెతో సమానం. అది జతచేసే వరకు పట్టికను ఆమోదించరాదు.

ఇక్కడ ఒక పొరపాటుకు ఆస్కారం ఉంది. తలుపులకూ కిటికీలకూ మరొక పట్టిక వేరుగా ఉంటుంది. అందులో తలుపులు 'డి-1', కిటికీలు 'డబ్ల్యు-1' అని ఉంటాయి. ఒకే అక్షరం ఒక పట్టికలో కిటికీని, మరొక పట్టికలో గోడను సూచించవచ్చు. ఏ కాగితం చూస్తున్నామో దాని శీర్షికను ముందు చదవాలి.

నక్షాకు కుడివైపున గానీ అడుగున గానీ ఉండే పేర్ల గడిలో 'ఆర్-0', 'ఆర్-1', 'ఆర్-2' వంటి గుర్తులు కనిపిస్తాయి. అవి సవరణల సంఖ్యలు. ఇంట్లో మన దగ్గర ఆర్-1 ఉండి, మేస్త్రీ చేతిలో ఆర్-0 ఉంటే ఇద్దరూ నిజాయితీపరులే అయినా గొడవ తప్పదు. పని మొదలయ్యే రోజున రెండు ప్రతులనూ పక్కపక్కన పెట్టి చూడడం మంచిది.

ఒక ఉదాహరణ

సంకేతాలను విప్పి రాస్తే మూడు గదుల వివరాలు ఇలా ఉంటాయనుకుందాం.

పడకగది: నేలకు రెండడుగుల చదరపు విట్రిఫైడ్ టైల్. స్కర్టింగ్ అదే టైల్‌తో 4 అంగుళాలు. గోడకు రెండు పూతల లప్పం, ఒక పూత ప్రైమరు, రెండు పూతల ఎమల్షన్. పైకప్పుకు తెల్లరంగు.

వంటగది: నేలకు మ్యాట్ టైల్. వంటగట్టు మీద నల్ల గ్రానైట్. గట్టు పైన గోడకు 2 అడుగుల ఎత్తు వరకు టైల్స్. మిగిలిన గోడకు కడిగినా పోని రంగు.

స్నానాలగది: నేలకు జారని టైల్. గోడకు 7 అడుగుల ఎత్తు వరకు టైల్స్. ఆ పైన రంగు.

ఇందులో ప్రతి మాటా డబ్బుతో, సౌకర్యంతో ముడిపడినదే. ఒక్కొక్క గడినీ పరిశీలిద్దాం.

నేల

'టైల్స్' అని మాత్రమే రాసి ఉంటే ఏమీ రాయనట్టే. ఏ రకం, ఏ కొలత, ఏ ఉపరితలం అన్న మూడూ ఉండాలి. విట్రిఫైడ్ టైల్ నీటిని దాదాపు పీల్చదు. దాని నీటి పీల్పు అర శాతానికి లోపే ఉంటుంది. గోడలకు వాడే మామూలు సిరామిక్ టైల్ పది శాతానికి మించి పీల్చుతుంది, బలమూ తక్కువ. చూడడానికి రెండూ ఒకేలా మెరుస్తాయి. గోడ టైల్‌ను నేలకు పరిస్తే ఎక్కువ కాలం నిలవదు. మన దేశంలో ఈ టైల్స్‌కు ఐఎస్ 15622 అనే ప్రమాణం ఉంది. పట్టికలో ఆ సంఖ్య రాయించుకోవడం, పెట్టె మీద దానిని సరిచూసుకోవడం తేలిక.

మెరుపు టైల్ అందంగా ఉంటుంది, తడిస్తే జారుతుంది. వుజూ చేసే చోట, స్నానాలగదిలో, వరండాలో, వానపడే మెట్ల మీద గరుకు ఉపరితలం ఉండి తీరాలి. ఇంట్లో వృద్ధులు ఫజర్ వేళ మసక వెలుతురులో తడి కాళ్లతో నడుస్తారన్న సంగతి పట్టికను ఆమోదించేటప్పుడు గుర్తుండాలి. నమాజుకు ఏర్పరచుకునే గదిలో సైతం మరీ నున్నని నేల మీద జానమాజ్ జారుతుంది. ఈ సంగతులు ఆర్కిటెక్టుకు వాటంతట అవి తెలియవు. మనం చెబితేనే రిమార్క్స్ గడిలోకి చేరతాయి.

రాతి నేలలకు మన రాష్ట్రాలు పెట్టింది పేరు. తాండూరు, షాబాద్, కడప, బేతంచర్ల బండలు తరతరాలుగా మన ఇళ్లలో ఉన్నాయి. వేసవిలో చల్లగా ఉంటాయి, ఖర్చూ తక్కువ. అయితే ఇవన్నీ సున్నపురాయి జాతివి. పాలరాయి కూడా ఆ కోవలోనిదే. యాసిడ్ తగిలితే వాటి మెరుపు పోయి ఉపరితలం తినివేసినట్టవుతుంది. మరుగుదొడ్డిని యాసిడ్‌తో కడిగే అలవాటున్న ఇంట్లో అక్కడ ఈ రాళ్లు పరచడం తగదు. వంటగట్టుకు పాలరాయి వేస్తే చింతపండు పులుసు, నిమ్మరసం పడిన చోటల్లా మచ్చలు మిగులుతాయి. గ్రానైట్‌కు ఆ బెడద చాలా తక్కువ. ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి ప్రపంచమంతటికీ వెళ్లే 'బ్లాక్ గెలాక్సీ' వంటి నల్ల గ్రానైట్ మన వంటగట్లకు ఎంతగానో నప్పుతుంది.

స్కర్టింగ్, డాడో

నేలనూ గోడనూ కలిపే సన్నని పట్టీయే స్కర్టింగ్. తడిగుడ్డతో తుడిచేటప్పుడు గోడ రంగు పాడవకుండా కాపాడుతుంది. సాధారణంగా 3 లేదా 4 అంగుళాలు ఉంటుంది. ఇది గోడ నుంచి ముందుకు పొడుచుకు వస్తే దాని అంచు మీద దుమ్ము పేరుకుంటుంది. గోడతో సమానంగా ఉండాలనుకుంటే ఆ మాట సిమెంటు పూతకు ముందే చెప్పాలి. పూత పూర్తయ్యాక చెబితే గోడను చెక్కవలసి వస్తుంది.

గోడ కింది భాగానికి కొంత ఎత్తు వరకు వేసే టైల్స్ వరుసను డాడో అంటారు. పట్టికలో 'డాడో' అని రాసి ఎత్తు రాయకపోవడం తరచుగా జరిగే లోపం. దాని విలువ ఎంతో లెక్క కట్టి చూద్దాం. 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు గల స్నానాలగది చుట్టుకొలత 26 అడుగులు. తలుపు కోసం రెండున్నర అడుగులు తీసివేస్తే 23.5 అడుగులు మిగులుతాయి. 7 అడుగుల ఎత్తు వరకు టైల్స్ వేస్తే 164.5 చదరపు అడుగులు. 4 అడుగుల వరకే వేస్తే 94 చదరపు అడుగులు. తేడా 70.5 చదరపు అడుగులు. ఇంట్లో ఇటువంటి గదులు మూడుంటే తేడా రెండు వందల చదరపు అడుగులు దాటుతుంది. టైల్స్ ధర, సిమెంటు, ఇసుక, మేస్త్రీ కూలి అన్నీ దానికి తోడవుతాయి. ఒక్క అంకె రాయనందుకు ఇంత వ్యత్యాసం. ఇక స్నానం చేసే చోట 4 అడుగుల డాడో పైన పడే నీళ్లు గోడలోకి ఇంకి, అవతలి గదిలో రంగు పొక్కులై ఊడుతుంది. ఆ ఖర్చు ఏటేటా వస్తూనే ఉంటుంది.

గోడలు

'పెయింటింగ్' అన్న ఒక్క మాటలో ఎన్నో అంతస్తులున్నాయి. సున్నం, డిస్టెంపర్, ఎమల్షన్ ఒకటి కాదు. డిస్టెంపర్ చవక, కానీ తడిగుడ్డతో రుద్దితే చెరుగుతుంది. ఎమల్షన్ తుడిస్తే నిలుస్తుంది. పిల్లలున్న ఇంట్లో ఈ తేడా నెలలోనే తెలుస్తుంది. ఎమల్షన్‌లోనూ శ్రేణులున్నాయి గనుక కంపెనీ పేరుతోపాటు రంగు శ్రేణి పేరు కూడా ఉండాలి.

రంగుకు అడుగున ఏముందో కూడా రాయాలి. లప్పం ఎన్ని పూతలు, ప్రైమరు ఉందా లేదా, రంగు ఎన్ని పూతలు అన్నవి లెక్కతో ఉండాలి. పూతలు ఆరిన తరువాత ఎన్ని వేశారో కంటితో చెప్పడం కష్టం. అందుచేత ఒక్కొక్క పూత పూర్తయినప్పుడు ఇంటివారు ఒకసారి వెళ్లి చూసి, తేదీ రాసుకోవడం అవసరం. సిమెంటు పూతకు కనీసం వారం రోజులు నీళ్లు పట్టాలి. ఆ తరువాత బాగా ఆరనివ్వాలి. తడి ఆరని గోడ మీద లప్పం వేస్తే అది పెచ్చులై రాలుతుంది. పని త్వరగా ముగించాలన్న ఒత్తిడి ఇంటివారి నుంచే వస్తే ఆ నష్టానికి మేస్త్రీని నిందించి ప్రయోజనం లేదు.

పైకప్పు

ఈ గడిలో రెండు విషయాలుంటాయి, ఒకటి పదార్థం, రెండవది ఎత్తు. ఇప్పుడు పీవోపీ, జిప్సం బోర్డు పైకప్పుల మోజు బాగా పెరిగింది. అవి స్లాబు కింద ఆరు నుంచి తొమ్మిది అంగుళాలో అంతకంటే ఎక్కువో కిందికి దిగుతాయి. నివాసపు గది ఎత్తు నేల నుంచి పైకప్పు అడుగు వరకు 2.75 మీటర్లకు, అంటే సుమారు 9 అడుగులకు తగ్గరాదని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతున్నది. ఏసీ గదులకు 2.4 మీటర్లు సరిపోతుంది. స్లాబు ఎత్తు తొమ్మిదిన్నర అడుగులే ఉన్న ఇంట్లో అలంకార పైకప్పు దించితే ఫ్యాను తల మీదికి వచ్చినట్టుంటుంది, వేసవిలో ఉక్కపోత పెరుగుతుంది. స్నానాలగదిలో పీవోపీ, మామూలు జిప్సం బోర్డు తేమకు నిలవవు. అక్కడ తేమను తట్టుకునే బోర్డు గానీ, పీవీసీ పలకలు గానీ వాడాలి.

పట్టికలో కనిపించనివి

పైకి కనిపించే పొరలనే ఈ పట్టిక చెబుతుంది. టైల్స్ కింద ఏముందో తరచుగా చెప్పదు. స్నానాలగది నేల కింద నీరు ఇంకకుండా వేసే వాటర్‌ప్రూఫింగ్ వివరం వేరే నోట్స్‌లో ఉండాలి. టైల్స్ పరిచే ముందు ఆ నేలను నీటితో నింపి ఒకటి రెండు రోజులు నిలవబెట్టి, కింది అంతస్తు పైకప్పు చెమ్మగిల్లుతుందేమో చూడాలి. ఆ పరీక్ష కాకుండా టైల్స్ వేయనివ్వరాదు. వేసిన తరువాత కారుడు బయటపడితే అందమైన నేలంతా పగలగొట్టడమే మార్గం.

రెండవది మట్టాల సంగతి. నక్షాలో 'ఎఫ్ఎఫ్ఎల్' అన్న అక్షరాలు కనిపిస్తాయి. నేల పని అంతా పూర్తయ్యాక వచ్చే మట్టం అది. స్లాబు మట్టం వేరు, ఇది వేరు. టైల్ మందం ఒక సెంటీమీటరు దరిదాపుల్లో ఉంటుంది. గ్రానైట్, పాలరాయి రెండు సెంటీమీటర్ల వరకు ఉంటాయి. హాలుకు గ్రానైట్, పడకగదికి టైల్ అనుకున్నప్పుడు కింద పరిచే మాలు మందం సర్దకపోతే గుమ్మం దగ్గర ఎత్తుపల్లం వస్తుంది. స్నానాలగది నేల మాత్రం పడకగది కంటే కొంచెం కిందికి, జాలీ వైపు వాలుగా ఉండాలి. మెట్ల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. మెట్లు పోసిన తరువాత నేల రకం మార్చితే మొదటి మెట్టో చివరి మెట్టో మిగిలిన వాటితో ఎత్తులో తేడా పడుతుంది. అడుగులో ఆ చిన్న తేడాకే మనుషులు తూలిపడతారు.

మూడవది ఖాళీ గడి. పట్టికలో ఖాళీ గడి ఉందంటే అక్కడ నిర్ణయం జరగలేదన్నమాట. నిర్ణయం జరగని చోట చవకైనది చేరడం మానవ సహజం. ఏ పనీ అక్కరలేని చోట 'లేదు' అని స్పష్టంగా రాయించాలి. గీత గీసి వదిలితే రేపు దానికి రెండు అర్థాలు పుడతాయి.

మెత్తని మాటలు

కొన్ని మాటలు వినడానికి మర్యాదగా ఉంటాయి, కొలవడానికి అందవు. 'మంచి నాణ్యత', 'పేరున్న కంపెనీ', 'ఇంటివారి అభిరుచి ప్రకారం' అటువంటివి. 'లేదా దానికి సమానమైనది' అన్న మాట మరీ ముఖ్యమైనది. ఒక కంపెనీ టైల్ బజారులో దొరకనప్పుడు పని ఆగకుండా ఉండేందుకు దానిని పెడతారు. అది న్యాయమే. అయితే సమానమని తేల్చేది ఎవరు? 'ఇంటి యజమాని లిఖితపూర్వకంగా ఒప్పుకున్న సమానమైనది' అని రెండు మాటలు చేర్చితే చాలు, సందేహానికి తావుండదు.

'బేసిక్ రేటు' అన్నది మరొకటి. టైల్స్‌కు చదరపు అడుగుకు 60 రూపాయల బేసిక్ రేటు అని ఒప్పందంలో ఉందనుకుందాం. ఇంటివారు దుకాణానికి వెళ్లి 85 రూపాయల టైల్ ఎంచుకుంటే మిగిలిన 25 రూపాయలు వారే భరించాలి. వెయ్యి చదరపు అడుగులకు అది 25,000 రూపాయలు. ఇంతవరకు స్పష్టమే. ఆ 60 రూపాయల్లో జీఎస్టీ కలిసి ఉందా, రవాణా, దింపుడు కూలి ఎవరివి, తరుగు ఎవరి లెక్క, ఎంచుకున్న టైల్ 50 రూపాయలదైతే మిగులు తిరిగి వస్తుందా అన్న ప్రశ్నలకు జవాబులు అదే కాగితం మీద ఉండాలి.

మాటతో తేలని చోట నమూనా తేలుస్తుంది. ఎంచుకున్న టైల్ ఒకటి, రంగు వేసిన చెక్కముక్క ఒకటి తీసుకుని, వెనుక ఇరువురూ సంతకం చేసి తేదీ వేసి, ఇంట్లో దాచిపెట్టుకోవాలి. సరుకు దిగినప్పుడు దాని పక్కన పెట్టి చూస్తే ఎవరి జ్ఞాపకశక్తినీ పరీక్షించనక్కరలేదు.

లెక్క మనమే వేసుకోవచ్చు

పట్టిక చేతిలో ఉంటే సరుకు ఎంత కావాలో ఇంట్లోనే తేలుతుంది. 12 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు గల పడకగది నేల 132 చదరపు అడుగులు. చుట్టుకొలత 46 అడుగులు. 3 అడుగుల తలుపు తీసివేస్తే 43 అడుగుల స్కర్టింగ్. దాని ఎత్తు 4 అంగుళాలు, అంటే అడుగులో మూడోవంతు. కాబట్టి స్కర్టింగ్‌కు సుమారు 14 చదరపు అడుగులు. మొత్తం 146. కోతల్లో, పగుళ్లలో పోయే తరుగుకు ఐదు శాతం చేర్చితే సుమారు 153. 600 మిల్లీమీటర్ల టైల్‌ను వాడుకలో రెండడుగుల టైల్ అంటారు గాని, అసలు కొలత రెండడుగులకు కాస్త తక్కువ. నాలుగు టైల్స్ ఉండే పెట్టె 15.5 చదరపు అడుగులకే సరిపోతుంది, 16కు కాదు. ఈ గదికి పది పెట్టెలు కావాలి. వాలుగా, వజ్రాకారంలో పరిచే పద్ధతికి తరుగు ఇంకా పెరుగుతుంది.

పెట్టెల మీద షేడ్ సంఖ్య, బ్యాచ్ సంఖ్య ఉంటాయి. ఒకే డిజైన్ అయినా బ్యాచ్ మారితే రంగులో స్వల్ప భేదం రావచ్చు. ఒక గదికి కావలసినదంతా ఒకే బ్యాచ్‌లో కొనాలి. రేపు గొట్టం మరమ్మతుకు నాలుగు టైల్స్ తీయవలసి వస్తే అదే టైల్ బజారులో దొరకకపోవచ్చు. అందుకే ఒక్కొక్క రకానికి ఒక పెట్టె అటక మీద ఉంచుకోవడం దూరదృష్టి.

దూరాన ఉన్నవారికి ఆసరా

కడప, హైదరాబాద్ వంటి చోట్ల ఎన్నో కుటుంబాల్లో ఇంటి యజమాని గల్ఫ్‌లో ఉంటాడు. ఇల్లు ఇక్కడ లేస్తుంది. భార్య గానీ, వృద్ధులైన తల్లిదండ్రులు గానీ పని చూసుకుంటారు. ఆమెకు అనుమానం వచ్చినా, "మీకు తెలియదమ్మా, ఇదే పద్ధతి" అన్న మాటతో ఆ అనుమానాన్ని అణచివేయడం సులభం. పట్టిక ఆమె చేతిలో ఉంటే మాట్లాడేది పట్టిక. దిగిన పెట్టె మీది కొలత, రకం, బ్యాచ్ సంఖ్య చూసి, ఫొటో తీసి భర్తకు పంపితే ఇద్దరూ ఒకే కాగితం చూసి నిర్ణయించుకోగలరు. అక్కడ టైల్స్ వేసే పనిలో, రంగుల పనిలో ఉన్న మన సోదరులకు ఇటువంటి పట్టికలు కొత్త కావు. పరాయివారి భవనాలకు పాటించే క్రమాన్ని సొంత ఇంటికి కోరడంలో సంకోచం దేనికి?

రాసుకోవడం అపనమ్మకం కాదు

"అంతా మనవాళ్లే, కాగితాలెందుకు?" అన్న మాట మన ఇళ్లలో తరచుగా వినిపిస్తుంది. గడువుతో కూడిన అప్పు లావాదేవీని రాసుకోవాలనీ, సాక్షులను పెట్టుకోవాలనీ దివ్య ఖుర్‌ఆన్ అల్ బఖర సూరా 282వ ఆయత్ బోధిస్తున్నది. ఖుర్‌ఆన్‌లోని ఆయత్‌లన్నింటిలో సుదీర్ఘమైనది అదే. నమ్మకం ఉన్నవారి మధ్యనే ఆ ఆదేశం. వస్తువును తయారు చేసి ఇమ్మని కోరే ఒప్పందాన్ని ఫిఖ్హ్ పండితులు 'ఇస్తిస్నా' అన్నారు. సామగ్రితో సహా ఇల్లు కట్టి ఇచ్చే కాంట్రాక్టును నేటి పండితులు ఈ కోవలోనే చేర్చుతారు. అందులో వస్తువు రకం, లక్షణం, పరిమాణం స్పష్టంగా తెలిసి ఉండడం షరతు. సరుకు మనం తెచ్చి కూలి మాత్రమే ఇచ్చే పద్ధతి వేరు, అది శ్రమకు ప్రతిఫలం. ఏ పద్ధతి అయినా అస్పష్టత ఇరువురికీ హానికరమే. రాతలో ఉన్న పట్టిక కాంట్రాక్టరుకూ రక్షణే. ఒప్పుకోనిది ఉచితంగా చేయమని అతనిని ఒత్తిడి చేయడమూ అన్యాయమే కదా!

చట్టం ఏమంటుంది

అపార్ట్‌మెంటులో ఫ్లాటు కొనేవారికి 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ, అభివృద్ధి చట్టం అండగా ఉంది. 'రెరా' అని పిలిచేది దీనినే. రాతపూర్వక ఒప్పందం చేసుకుని రిజిస్టరు చేయనిదే బిల్డరు ధరలో పది శాతానికి మించి తీసుకోరాదు. ఆ ఒప్పందంలో స్పెసిఫికేషన్లు కూడా ఉండాలి. చట్టంలోని 14వ సెక్షన్ ప్రకారం ఒప్పుకున్న స్పెసిఫికేషన్లను, అమర్చే సామగ్రిని కొనుగోలుదారు సమ్మతి లేకుండా మార్చరాదు. ఫ్లాటు అప్పగించిన ఐదేళ్లలోగా కట్టడంలో, పనితనంలో, నాణ్యతలో లోపం బయటపడి తెలియజేస్తే బిల్డరు 30 రోజుల్లోగా ఉచితంగా సరిచేయాలి. నమూనా ఫ్లాటును చూపి నమ్మించి వేరేది కట్టిస్తే, నష్టపోయినవారికి పరిహారం కోరే హక్కు 12వ సెక్షన్ ఇస్తున్నది. సొంత స్థలంలో కాంట్రాక్టరుతో కట్టించుకునే ఇంటికి ఈ చట్టం వర్తించదు. అయితే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం గృహ నిర్మాణాన్ని సేవల్లో చేర్చింది. సేవలో లోపం ఉంటే వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు.

ఏ చట్టం ముందు నిలిచినా మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: ఒప్పుకున్నది ఏమిటి? దానికి జవాబు ఈ పట్టికే.

సంతకానికి ముందు

ప్లాను ఒక చేత్తో, పట్టిక ఒక చేత్తో పట్టుకుని ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చోండి. తలవాకిలి నుంచి మొదలుపెట్టి గది గదికీ ఊహలో నడవండి. ప్లానులోని ప్రతి గదికీ పట్టికలో వరుస ఉందా? వరండా, మెట్లు, సామాను గది, డాబా మీది గది మరచిపోలేదు కదా? ప్రతి గడిలో రకం, కొలత, ఎత్తు ఉన్నాయా? ప్రతి సంకేతానికీ లెజెండ్‌లో అర్థం ఉందా? తడి చోట్ల జారని నేల ఉందా? టైల్స్ మధ్య సందులను మామూలు సిమెంటుతో నింపుతారా, నీరు పీల్చని ఎపాక్సీతో నింపుతారా? వంట చేసేవారినీ, ఇల్లు తుడిచేవారినీ, కర్ర సాయంతో నడిచే పెద్దలనూ అడగండి. నేల గురించి వారికి తెలిసినంత మరెవరికీ తెలియదు.

అన్నీ సరిపోతే ప్రతి పుటలోనూ ఇరువురూ సంతకం చేసి, తలా ఒక ప్రతి ఉంచుకోండి. తరువాత మనసు మారడం సహజమే. మార్పు చేసినప్పుడల్లా తేదీ, తేడా మొత్తం రాసి మళ్లీ సంతకాలు పెట్టండి. డబ్బు విడతలుగా చెల్లించేటప్పుడు ఒక్కొక్క విడతను పట్టికలోని ఒక్కొక్క పని పూర్తికావడంతో ముడిపెట్టండి. నేల పని ముగిస్తే ఇంత, డాడో ముగిస్తే ఇంత, రంగుల మొదటి పూతకు ఇంత అని. అప్పుడు పని చేసినవారి కూలి ఆలస్యం కాదు, చేయని పనికి డబ్బు పోదు. ఇల్లు పూర్తయి తాళాలు చేతికి వచ్చేనాటికి ఇరుపక్షాలూ ఒకరినొకరు సలాముతో పలకరించుకునే స్థితిలోనే ఉంటారు, ఇన్షా అల్లాహ్.